హెల్ప్‌లో దొరకని ఫార్ములాలు: మీరు అడిగినవి, మేం చెప్పేవి

పోయిన నెల ఇదే పేజీలో ఎక్సెల్‌లో వయసు లెక్క గురించి రెండు ముక్కలు రాశాం, దాని మీద వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ అన్నీ చదివితే చాలామంది అడిగింది ఒకటే, ఎవరో ఒక ఫార్ములా చెప్పారు, మా దాంట్లో లిస్టులో రావట్లేదు, అది ఉందా లేదా అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. మొదలుపెట్టే ముందు ఒక్క మాట, ఫార్ములాలు ఇక్కడ తెలుగు అక్షరాల్లో వేస్తున్నాం కానీ మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాలే కొట్టాలి, బి2 అంటే బి కాలమ్‌లో రెండో వరస అన్నమాట.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లల పుట్టినతేదీలు ఎక్సెల్‌లో ఎక్కించానండి. జూన్ 1 నాటికి ఒక్కొక్కరి వయసు సంవత్సరాలు, నెలలు, రోజుల్లో కావాలి. డేటెడిఫ్ అనే ఫార్ములా ఉందని మా తోటి టీచర్ చెప్పారు. ఈక్వల్ కొట్టి డి, ఏ, టి అని మొదలెడితే లిస్టులో డేట్, డేట్‌వాల్యూ వస్తున్నాయి గానీ అది మాత్రం రావట్లేదు. నా ఎక్సెల్ పాతదా?
(ఒక టీచర్, నల్గొండ జిల్లా)

జవాబు: మీ ఎక్సెల్ పాతది కాదు మేడం, కొత్తదాంట్లో కూడా అది లిస్టులో రాదు. పేరు మొత్తం మీరే కొట్టాలి, డి-ఏ-టి-ఈ-డి-ఐ-ఎఫ్, తర్వాత బ్రాకెట్ తెరిచినా మిగతా ఫార్ములాలకి వచ్చినట్టు కింద ఏమేం ఇవ్వాలో చెప్పే చిన్న పట్టీ కూడా రాదు, అయినా ధైర్యంగా పూర్తి చేసి ఎంటర్ కొట్టండి, పని చేస్తుంది.

ఎందుకిలా దాక్కుందో తెలిస్తే దీన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది కాబట్టి కొంచెం చెప్తాను. ఎక్సెల్ కంటే ముందు ఆఫీసుల్లో రాజ్యమేలింది లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాం, 1983లో వచ్చింది. విండోస్ కోసం ఎక్సెల్ 1987లో వచ్చేనాటికి జనం ఫైళ్ళన్నీ లోటస్‌లోనే ఉన్నాయి, ఆ ఫైళ్ళు ఎక్సెల్‌లో తెరిస్తే లెక్కలు తప్పకూడదు కదా, అందుకని లోటస్ పద్ధతులు చాలా ఎక్సెల్‌లోకి వచ్చి చేరాయి. డేటెడిఫ్ కూడా పాత లోటస్ ఫైళ్ళు పనిచెయ్యడం కోసమే ఉంచామని మైక్రోసాఫ్టే తన సపోర్ట్ పేజీలో చెప్తుంది. ఎక్సెల్ 2000 హెల్ప్‌లో దీని గురించి ఉండేది, తర్వాతి వెర్షన్లలో హెల్ప్‌లోంచి మాయమైంది, ఇప్పుడు వెబ్‌సైట్‌లో పేజీ ఉంది కానీ పక్కనే హెచ్చరిక కూడా ఉంది. ఆ హెచ్చరికే మీకు ముఖ్యం.

బి2లో పుట్టినతేదీ, సి2లో జూన్ 1 ఉన్నాయనుకోండి. =డేటెడిఫ్(బి2,సి2,"వై") అంటే నిండిన సంవత్సరాలు. చివర "వైఎం" పెడితే సంవత్సరాలు పోగా మిగిలిన నెలలు. ఈ రెండూ నిశ్చింతగా వాడుకోండి. మూడోది "ఎండి", అంటే నెలలు కూడా పోగా మిగిలిన రోజులు, అసలు గొడవ దీంతోనే. 2023 జనవరి 31 నుంచి 2023 మార్చి 1కి "ఎండి" పెట్టి చూడండి, మైనస్ 2 అని వస్తుంది! వయసులో మైనస్ రోజులేంటి? అది ఏం చేస్తుందంటే మార్చికి ముందు నెల ఫిబ్రవరి కాబట్టి ఫిబ్రవరి 31 నుంచి లెక్క పెడుతుంది, ఫిబ్రవరిలో 31 లేదు కాబట్టి అది జరిగి మార్చి 3 అవుతుంది, మార్చి 3 నుంచి వెనక్కి మార్చి 1 అంటే మైనస్ 2. మీ జూన్ 1కి ముందు నెల మేలో 31 రోజులుంటాయి కాబట్టి ఈ తేడా రాదు, కానీ మార్చి 1 లాంటి తేదీకి లెక్కేస్తే నెలాఖరున పుట్టిన పిల్లలకి ఇలా వస్తుంది, 40 మంది క్లాసులో ఒకరో ఇద్దరో ఉంటారు, మిగతా 38 కరెక్టుగా ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టుకోరు, రిజిస్టర్‌లో ఎక్కేశాక కానీ తెలీదు.

అందుకని రోజులకి "ఎండి" వాడకండి, ఇది వాడండి: =సి2-ఈడేట్(బి2,డేటెడిఫ్(బి2,సి2,"ఎం")). ఇక్కడ "ఎం" అంటే మొత్తం నిండిన నెలలు, ఈడేట్ అనేది పుట్టినతేదీకి అన్ని నెలలు కలిపి ఒక తేదీ ఇస్తుంది, జూన్ 1లోంచి దాన్ని తీసేస్తే మిగిలిన రోజులు. ఈడేట్‌కి నెలాఖరు సంగతి తెలుసు, జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28 ఇస్తుంది, కాబట్టి ఇందాకటి లెక్కకి 1 రోజు అని సరిగ్గా వస్తుంది. జవాబు తేదీలాగా కనిపిస్తే కంగారుపడకండి, ఆ సెల్ ఫార్మాట్ జనరల్‌కి మార్చండి చాలు. మూడింటినీ ఒకే సెల్‌లో కలపాలంటే మధ్యలో ఆంపర్‌సాండ్ గుర్తు పెట్టి కోట్స్‌లో "సం." "నె." "రో." అని తెలుగులోనే రాసుకోవచ్చు. ఇంకోటి, మొదటి తేదీ రెండోదానికంటే తర్వాతదైతే నంబర్ తప్పు అని ఎర్రర్ వస్తుంది, అది వచ్చిందంటే ఆ పిల్లాడి పుట్టినతేదీ ఎక్కించడంలోనే తప్పుందని అర్థం, ఒకరకంగా మేలే.

ప్రశ్న: గూగుల్ షీట్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో కూడా ఇది ఉందా?
(డిగ్రీ విద్యార్థి, కడప)

జవాబు: రెండిట్లోనూ ఉంది. గూగుల్ షీట్స్‌లో అయితే దాపరికం లేదు, కొట్టడం మొదలెట్టగానే లిస్టులో వస్తుంది, వివరం కూడా ఉంటుంది. లిబ్రే ఆఫీస్‌లో 2012 నుంచి ఉంది. రోజుల లెక్కకి మాత్రం అక్కడైనా ఇక్కడైనా పైన చెప్పిన ఈడేట్ పద్ధతే వాడండి, ఫైల్ ఒకచోట నుంచి ఇంకోచోటికి వెళ్ళినా జవాబు మారదు.

ప్రశ్న: మా ఆఫీసులో స్టాఫ్ రిటైర్మెంట్ తేదీల లిస్టు నేనే తయారు చేస్తాను సార్. పుట్టినతేదీకి 62 ఏళ్ళు కలిపి ఆ నెలాఖరు రావాలి. ఒకటో తేదీన పుట్టినవాళ్ళకి మాత్రం ముందు నెలాఖరు. ఈ ఒకటో తేదీ వాళ్ళని చేత్తో మారుస్తున్నాను. ఫార్ములా ఉందా?
(జూనియర్ అసిస్టెంట్, గుంటూరు జిల్లా)

జవాబు: ఉంది, అదీ చిన్నదే. =ఈఓమంత్(ఈడేట్(బి2,744)-1,0). ఈఓమంత్ స్పెల్లింగ్ ఈ-ఓ-ఎం-ఓ-ఎన్-టి-హెచ్, ఇచ్చిన తేదీ ఏ నెలలో ఉంటే ఆ నెల చివరి రోజు ఇస్తుంది. 744 అంటే 62 ఏళ్ళకి నెలలు. కిటుకంతా ఆ మైనస్ 1లో ఉంది. 1963 జూలై 15న పుట్టినాయనకి 2025 జూలై 15 వస్తుంది, ఒక రోజు తీస్తే జూలై 14, నెలాఖరు జూలై 31. 1963 జూలై 1న పుట్టినాయనకి 2025 జూలై 1లోంచి ఒక రోజు తీస్తే జూన్ 30 అవుతుంది, అది తనే నెలాఖరు. ఇఫ్‌లు గిఫ్‌లు ఏమీ అక్కర్లేదు. తెలంగాణ ఆఫీసుల్లో చదివేవాళ్ళు, మీకు 61 కాబట్టి 744 బదులు 732 పెట్టుకోండి.

అయితే ఇవి మనుషుల పెన్షన్‌కి సంబంధించిన తేదీలు. ఫార్ములా మొత్తం కిందికి లాగాక మీకు బాగా తెలిసిన ముగ్గురివి, ఒకటో తేదీ వాళ్ళు ఒకరు, నెలాఖరు వాళ్ళు ఒకరు, ఫిబ్రవరి 29 వాళ్ళు ఉంటే వాళ్ళు ఒకరు, సర్వీస్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని సరిచూడండి, ఆ తర్వాతే సంతకానికి పంపండి.

ప్రశ్న: నాది చిన్న కిరాణా హోల్‌సేల్ షాపు. అప్పు తీర్చినవాళ్ళ మొత్తాలకి పసుపు రంగు వేస్తాను, బాకీ ఉన్నవి ఎరుపు. పసుపు సెల్స్ మాత్రమే కూడాలి. రంగుని బట్టి కూడే ఫార్ములా లేదంటున్నారు, కానీ ఒకాయన గెట్ డాట్ సెల్ అని ఏదో ఉందన్నారు. సెల్‌లో కొడితే ఆ ఫంక్షన్ చెల్లదు అంటోంది.
(వ్యాపారి, విజయవాడ)

జవాబు: ఆయన చెప్పింది నిజమే, మీకు వచ్చిన ఎర్రర్ కూడా నిజమే. గెట్.సెల్ మామూలు ఫార్ములా కాదు, ఎక్సెల్ 4.0 అనే 1992 వెర్షన్‌లో మ్యాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాములు, రాసే భాషలో మాట. 1993లో వీబీఏ అనే కొత్త మ్యాక్రో భాష వచ్చాక ఆ భాష పక్కకి వెళ్ళిపోయింది కానీ ఎక్సెల్ దాన్ని తీసెయ్యలేదు, ఇప్పటికీ లోపల ఉంది. సెల్‌లో నేరుగా కొడితే ఒప్పుకోదు, పేరు చాటున పెడితే ఒప్పుకుంటుంది.

పద్ధతి ఇదండి. మొత్తాలు బి కాలమ్‌లో ఉన్నాయనుకుందాం. సి2 సెల్ మీద నిలబడండి, ఫార్ములాస్ ట్యాబ్‌లో నేమ్ మేనేజర్, అందులో న్యూ, పేరు కలర్ అని ఇచ్చి కింద రిఫర్స్ టు దగ్గర =గెట్.సెల్(63,బి2) అని పెట్టండి, డాలర్ గుర్తులు పడితే తీసెయ్యండి, లేకపోతే అన్ని వరసలూ బి2నే చూస్తాయి. ఇప్పుడు సి2లో =కలర్ అని కొట్టి కిందిదాకా లాగితే ప్రతి వరసలో ఒక నంబర్ వస్తుంది, రంగు లేనిదానికి 0, మామూలు పసుపుకి 6, ఎరుపుకి 3. ఇక =సమ్‌ఇఫ్(సి2:సి60,6,బి2:బి60) అంటే పసుపువన్నీ కూడేస్తుంది.

చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ మీ షాపు లెక్కకి దీన్ని వాడమని నేను చెప్పను. ఎందుకో చెప్తాను. మొదటిది, మీరు ఒక సెల్ రంగు మార్చినప్పుడు ఎక్సెల్ దాన్ని మార్పుగా లెక్కపెట్టదు, కాబట్టి కూడిక పాతదే చూపిస్తూ ఉంటుంది, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్9 మూడూ కలిపి నొక్కితే తప్ప మారదు, హడావిడిలో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? రెండోది, ఈ నంబర్లు 56 రంగుల పాత పాలెట్‌వి, ఇప్పుడున్న లక్షల రంగుల్లో దగ్గరగా ఉన్న రెండు షేడ్‌లకి ఒకే నంబర్ రావచ్చు. మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ పాత మ్యాక్రో భాషని అడ్డం పెట్టుకుని వైరస్ ఫైళ్ళు మెయిల్స్‌లో విపరీతంగా తిరిగాయి, ఆ దెబ్బకి 2022 మొదట్లో మైక్రోసాఫ్ట్ 365లో వీటిని మామూలుగా పనిచెయ్యకుండా ఆపేశారు. ట్రస్ట్ సెంటర్‌లో మ్యాక్రో సెట్టింగ్స్‌కి వెళ్ళి తెరవొచ్చు, ఫైల్‌ని మ్యాక్రో ఉన్న రకంగా సేవ్ చెయ్యాలి కూడా, కానీ ఒక కూడిక కోసం ఆ తలుపు తెరిచి పెడితే, రేపు బయటినుంచి ఇంకో ఫైల్ వస్తే దానికీ దారి ఇచ్చినట్టే.

మీకు సరిపడేది ఇది. కూడిక దగ్గర =సబ్‌టోటల్(9,బి2:బి60) పెట్టండి, ఫిల్టర్ పెట్టి ఫిల్టర్ బై కలర్‌లో పసుపు ఎంచుకోండి, సబ్‌టోటల్ కనిపించే వరసల్ని మాత్రమే కూడుతుంది. ఫిల్టర్ కాకుండా వరసల్ని చేత్తో హైడ్ చేసే అలవాటుంటే 9 బదులు 109 పెట్టాలి, ఈ తేడా చాలామందికి తెలీదు, 9కి ఫిల్టర్‌లో దాగినవి తెలుసు కానీ మీరు చేత్తో దాచినవి తెలీదు. ఇంకా మంచిది, పక్కన జమ అని ఒక కాలమ్ పెట్టి తీర్చిన తేదీ వేసుకోండి, రంగు ఎవరు ఎప్పుడు వేశారో రేపు గుర్తుండదు, తేదీ ఉంటే గొడవ రాదు.

ప్రశ్న: అంకెల్ని అక్షరాల్లో రాసే ఫార్ములా వెతుకుతుంటే బాత్‌టెక్స్ట్ అని దొరికింది, కొడితే ఏదో అర్థంకాని లిపి వచ్చింది. రూపాయలకి అలాంటిది లేదా? కామాలు కూడా లక్షల పద్ధతిలో పడట్లేదు.
(అకౌంటెంట్, రాజమండ్రి)

జవాబు: మీకు వచ్చింది థాయ్ లిపి అండి, బాత్ అంటే థాయ్‌లాండ్ కరెన్సీ. అంకెని అక్షరాల్లోకి మార్చే ఇలాంటి ఫార్ములా ఎక్సెల్‌లో రూపాయికి లేదు, డాలర్‌కి కూడా లేదు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో స్పెల్‌నంబర్ అనే వీబీఏ కోడ్ ఇచ్చారు కానీ అది మిలియన్లు, డాలర్లు, సెంట్లలో ఉంటుంది, మనవాళ్ళు దాన్ని లక్షలు కోట్లకి మార్చి వాడుకుంటున్నారు.

తెలుగులో కావాలంటే ఇంకో చిక్కుంది, అది నాకు చాలా ఇష్టమైన చిక్కు. ఇంగ్లీష్‌లో హండ్రెడ్ ఎక్కడైనా హండ్రెడే. మనకి 100 వంద, 120 వచ్చేసరికి నూట ఇరవై, 220 రెండు వందల ఇరవై, 200 ఒంటరిగా ఉంటే రెండు వందలు. 1000 వెయ్యి, 2000 రెండు వేలు, 2050 రెండు వేల యాభై. అంటే తర్వాత ఇంకేమైనా మిగిలిందా లేదా అని చూసి మాట మార్చాలి. కాబట్టి ఒక షీట్‌లో 1 నుంచి 99 దాకా మాటలు ఒక కాలమ్‌లో రాసుకోండి, వందలకి రెండు కాలమ్స్ పెట్టండి, ఒకటి వంద, రెండు వందలు, ఇంకోటి నూట, రెండు వందల, వేలకీ లక్షలకీ అలాగే. ఇక విడగొట్టడం తేలిక, మాడ్ అంటే భాగిస్తే మిగిలే శేషం, ఇంట్ అంటే దశాంశం తీసేసిన పూర్తి అంకె, లక్షల భాగం =ఇంట్(మాడ్(ఏ2,10000000)/100000), వేల భాగం =ఇంట్(మాడ్(ఏ2,100000)/1000), ఆ నంబర్‌తో ఇండెక్స్ పెట్టి మాట తెచ్చుకోవడమే. ఒక పూట పని, తర్వాత ఎప్పటికీ పనికొస్తుంది.

కామాలకి కస్టమ్ ఫార్మాట్‌లో ఇది ఉన్నదున్నట్టు కొట్టండి: [>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0 (చివర చుక్క లేదు). అయితే మైనస్ మొత్తాలకి ఇది లక్షల కామా వెయ్యదు, నష్టాల పట్టిక ఉంటే జాగ్రత్త. అసలు మందు విండోస్ సెట్టింగ్స్‌లో ఉంది, రీజియన్‌లోకి వెళ్ళి అడిషనల్ సెట్టింగ్స్‌లో డిజిట్ గ్రూపింగ్ మన పద్ధతికి మారిస్తే ఎక్సెల్ మామూలు కామా బటనే లక్షలు కోట్లు వేస్తుంది, మైనస్‌కి కూడా.

ప్రశ్న: ఇంటి నంబర్లు ఎక్కిస్తుంటే తేదీలుగా మారిపోతున్నాయి. 16 అంకెల అకౌంట్ నంబర్లకి చివరి అంకె సున్నా అయిపోతోంది. ఒకే నంబర్ రెండుసార్లు వచ్చిందా అని కౌంట్‌ఇఫ్‌తో చూస్తే వేరువేరు నంబర్లని కూడా డూప్లికేట్ అంటోంది!
(డేటా ఎంట్రీ ఆపరేటర్, వరంగల్)

జవాబు: మూడూ మూడు వేరే సమస్యలు, మూడోదే ఎవరూ చెప్పనిది.

2-4-12 అనే ఇంటి నంబర్ కొడితే ఎక్సెల్ దాన్ని 2012 ఏప్రిల్ 2 అనుకుంటుంది, 1-10-104/3 లాంటిది కొడితే తేదీకి పొసగదు కాబట్టి వదిలేస్తుంది, అందుకే కొన్ని బాగుంటాయి కొన్ని పాడవుతాయి. ఎక్కించే ముందే ఆ కాలమ్ మొత్తం టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చాలి, పాడయ్యాక మారిస్తే 41001 లాంటి నంబర్ కనిపిస్తుంది తప్ప పాతది తిరిగి రాదు. ఇది మన ఒక్కళ్ళ బాధ కాదు, మార్చ్1, సెప్ట్2 లాంటి జీన్ల పేర్లు ఇలాగే తేదీలైపోతుంటే వేగలేక జీన్ల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ పేర్లే మార్చేసింది. ఇళ్ళ నంబర్లు మనం మార్చలేం కదా, కాబట్టి టెక్స్ట్ ఫార్మాట్ ఒక్కటే దారి.

16 అంకెల సంగతి, ఎక్సెల్ నంబర్‌లో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాతవి సున్నాలే. దీనికీ టెక్స్టే.

ఇక కౌంట్‌ఇఫ్. మీరు టెక్స్ట్‌గా జాగ్రత్తగా ఎక్కించినా సరే, కౌంట్‌ఇఫ్ పోల్చేటప్పుడు నంబర్‌లా కనిపించేదాన్ని నంబర్‌గా మార్చి పోలుస్తుంది, అప్పుడు మళ్ళీ 15 అంకెల గోలే, మొదటి 15 ఒకటైతే చివరి అంకె వేరైనా రెండూ ఒకటే అంటుంది. రంగు వేసి చూపించే డూప్లికేట్ వాల్యూస్ బటన్‌కీ ఇదే జబ్బు. =సమ్‌ప్రొడక్ట్(--(ఏ$2:ఏ$500=ఏ2)) వాడండి, ఇది టెక్స్ట్‌ని టెక్స్ట్‌గానే పోలుస్తుంది. ముందున్న రెండు మైనస్‌లు అచ్చు తప్పు కాదు, అవును కాదు అనే జవాబుల్ని 1, 0 చేసేవి అవే. డూప్లికేట్ అని చెప్పి ఎవరి పేరైనా లిస్టులోంచి తీసేసి ఉంటే దయచేసి ఒకసారి వెనక్కి వెళ్ళి ఇలా చూడండి, ఎవరికో రావాల్సిన డబ్బు ఆగిపోయి ఉండొచ్చు.

చిన్నచిన్నవి కొన్ని గబగబా. ఫార్ములాలో ఎందుకు అలా చేశామో నోట్ రాసుకోవచ్చా అని ఒకరు అడిగారు, రాసుకోవచ్చు, =బి2*1.18+ఎన్("జీఎస్టీ 18 శాతం కలిపాం"), ఎన్ అనే ఫంక్షన్ మాటలకి సున్నా ఇస్తుంది కాబట్టి లెక్క మారదు, నోట్ ఫార్ములాలోనే ఉంటుంది. ఆఫీస్ ఫైల్‌లో మీసాల బ్రాకెట్ల మధ్య టేబుల్ అనే ఫార్ములా కనిపించింది, మేం కొడితే రావట్లేదు అని ఇంకొకరు, అది చేత్తో కొట్టేది కాదు, డేటా ట్యాబ్‌లో వాట్-ఇఫ్ కింద డేటా టేబుల్ చేస్తే అదే వేసుకుంటుంది. ఎక్సెల్‌లో విమానం నడిపే ఆట ఉండేదట నిజమేనా అని తొమ్మిదో తరగతి అబ్బాయి అడిగాడు, నిజమే బాబూ, ఎక్సెల్ 97లో ఉండేది, ఇప్పటివాటిలో లేదు.

ప్రశ్న: తెలుగు పేర్ల లిస్టులో మొదటి అక్షరం విడిగా కావాలి. లెఫ్ట్ ఫార్ములా పెడితే శ్రీనుకి శ వస్తోంది, శ్రీ రావట్లేదు.
(లైబ్రరీ ఉద్యోగి, తిరుపతి)

జవాబు: ఎక్సెల్ కంటికి కనిపించే అక్షరాన్ని లెక్కపెట్టదండి, లోపల ఉన్న ముక్కల్ని లెక్కపెడుతుంది. శ్రీ అంటే శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు ముక్కలు. కృష్ణకి లెన్ పెట్టి చూడండి, మనకి రెండు అక్షరాలు, దానికి 5. లక్ష్మికి 7. కాబట్టి లెఫ్ట్, మిడ్, లెన్ ఇవేవీ తెలుగుకి సరిగ్గా కుదరవు.

గూగుల్ షీట్స్‌లో అయితే ఒక దారి ఉంది: =రెజెక్స్‌ఎక్స్‌ట్రాక్ట్(ఏ2,"^(.(?:్.|[ా-ౌ])*[ంః]?)"). భయపడకండి, కోట్స్ లోపల ఉన్నది ఉన్నట్టు కాపీ చేసుకోవచ్చు, అందులో తెలుగు గుర్తులే ఉన్నాయి. చుక్క అంటే మొదటి ముక్క ఏదైనా సరే, తర్వాత పొల్లు దాని వెనక ఒక హల్లు గానీ లేదా ఏదైనా గుణింతం గుర్తు గానీ ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు, చివర సున్నా గానీ విసర్గ గానీ ఉంటే అదీ కలుపుకో అని చెప్తున్నాం. శ్రీనుకి శ్రీ, కృష్ణకి కృ, శంకర్‌కి శం వస్తాయి. కార్డుల పెట్టె అక్షరక్రమంలో సర్దుకోవడానికి మీకు ఇది చాలు.

ప్రశ్న: మా వంశవృక్షం ఎక్సెల్‌లో పెడుతున్నాను. మా ముత్తాతగారు 1898 ఆగస్టు 14న పుట్టారని ఇంట్లో పాత నోటు పుస్తకంలో ఉంది. ఆ తేదీ కొడితే ఎక్సెల్ తేదీగా తీసుకోవట్లేదు. డేట్ ఫార్ములాతో చేస్తే 3798 అని వచ్చింది! ఏ వారమో, ఏ తెలుగు సంవత్సరమో కూడా తెలుసుకోవాలనుంది.
(ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: చాలా మంచి పని చేస్తున్నారమ్మా. ఎక్సెల్‌కి కాలం 1900 జనవరి 1న మొదలవుతుంది, అదే దానికి ఒకటో రోజు, అంతకు ముందు ఏమీ లేదు. డేట్ ఫార్ములాకి 1899 లేదా అంతకంటే తక్కువ సంవత్సరం ఇస్తే దానికి 1900 కలిపేస్తుంది, 1898కి 1900 కలిపితే 3798, అదీ సంగతి.

ఇంకో విశేషం, ఎక్సెల్‌లో 60వ రోజు 1900 ఫిబ్రవరి 29. అలాంటి రోజే లేదు, 1900 లీపు సంవత్సరం కాదు, వందతో భాగించబడే సంవత్సరం నాలుగు వందలతో కూడా భాగించబడితేనే లీపు. లోటస్ 1-2-3లో ఈ తప్పుండేది, ఆ ఫైళ్ళతో తేదీలు కలవాలని ఎక్సెల్ తెలిసే ఆ తప్పుని అలాగే తెచ్చుకుంది, ఇన్నేళ్ళయినా సరిచెయ్యలేదు, సరిచేస్తే ఉన్న ఫైళ్ళన్నిట్లో తేదీలు ఒక రోజు జరిగిపోతాయి. మీకు దీనివల్ల వచ్చే ఇబ్బంది ఏంటంటే, 1900 జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్ళు ఎవరైనా మీ వృక్షంలో ఉంటే ఎక్సెల్ చెప్పే వారం ఒక రోజు తప్పు.

దీనికి చక్కటి ఉపాయం ఉంది. మన క్యాలెండర్ 400 ఏళ్ళకోసారి అచ్చంగా తిరిగొస్తుంది, 400 ఏళ్ళకి 1,46,097 రోజులు, అది ఏడుతో శేషం లేకుండా పోతుంది కాబట్టి వారాలు కూడా అవే వస్తాయి. అందుకని 1898కి 400 కలిపి 2298గా రాయండి, =టెక్స్ట్(డేట్(2298,8,14),"డిడిడిడి") అంటే ఆదివారం అని వస్తుంది, మీ ముత్తాతగారు పుట్టింది ఆదివారమే. ఎన్నేళ్ళు బతికారో కావాలంటే చనిపోయిన తేదీలో సంవత్సరానికి కూడా 400 కలిపి డేటెడిఫ్ పెట్టండి. ఇదంతా వద్దనుకుంటే లిబ్రే ఆఫీస్‌లో పెట్టుకోండి, అది 1900కి ముందు తేదీల్ని మామూలుగానే తీసుకుంటుంది.

తెలుగు సంవత్సరానికి ఒక షీట్‌లో ఏ1 నుంచి ఏ60 దాకా ప్రభవతో మొదలుపెట్టి అక్షయ దాకా 60 పేర్లు వరసగా రాసుకోండి. 1987లో ఉగాదికి ప్రభవ వచ్చింది, కాబట్టి బి2లో సంవత్సరం ఉంటే =ఇండెక్స్(ఏ$1:ఏ$60,మాడ్(బి2-1987,60)+1). 1898 నుంచి 1987 తీస్తే మైనస్ 89 కదా అని సందేహం వస్తుంది, ఎక్సెల్‌లో మాడ్ మైనస్‌కి కూడా 31 అని ప్లస్‌లోనే ఇస్తుంది, దానికి ఒకటి కలిపితే 32, విళంబి. నోటు పుస్తకంలో విళంబి నామ సంవత్సరం అని ఉందేమో చూడండి. జనవరి నుంచి ఉగాది లోపు పుట్టినవాళ్ళకి మాత్రం బి2లో ఒక సంవత్సరం తగ్గించి వెయ్యాలి, మీ వృక్షంలో వాళ్ళ దగ్గర ఒక గుర్తు పెట్టుకుని ఆ సంవత్సరం ఉగాది ఏ తేదీన వచ్చిందో పాత పంచాంగంలో చూసి వెయ్యండి.